రేపు ఐదులోగా డిపాజిట్ కట్టమంటున్నారు, కట్టాలా?

మీరు రాసింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు చూసుకుంటాను. బీటెక్ అయి ఏడాదిన్నర అయింది. ఒక జాబ్ సైట్‌లో రెజ్యూమె పెట్టారు. సోమవారం ఒకావిడ ఫోన్ చేసి, ఫలానా పెద్ద కంపెనీ హెచ్‌ఆర్‌ని అని చెప్పింది. టెలిగ్రామ్‌లో ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ, కెమెరా లేదు. మంగళవారానికే ఆఫర్ లెటర్ వచ్చేసింది, ఏడాదికి ఆరున్నర లక్షలు. ఆధార్, పాన్, సర్టిఫికెట్ల కాపీలు అడిగితే పంపారు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కీ, వెరిఫికేషన్‌కీ కలిపి 14,800 రూపాయలు రేపు సాయంత్రం ఐదులోగా కట్టాలంటున్నారు, మొదటి జీతంతో తిరిగి ఇస్తారట. నాన్నగారు ఎరువుల కోసం దాచిన డబ్బు తీసిస్తానన్నారు. చివర్లో ఇంకో మాట రాశారు: మీ పెదనాన్నగారి అబ్బాయికి థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం వచ్చిందని, టూరిస్టుగా వెళ్లి అక్కడ వీసా మార్చుకోవచ్చని ఏజెంటు చెప్పాడని, తోడుగా మిమ్మల్నీ రమ్మంటున్నాడని.

కట్టకండి. ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఎందుకో వివరంగానే రాస్తాను. మీ నంబరు, మీ రెజ్యూమె వాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టి ఇది తప్పినా వచ్చే నెల ఇంకొకరు ఇంకో వేషంలో వస్తారు. మీ అన్న విషయం కింద విడిగా రాశాను, దాన్ని వదలకుండా చదవండి.

నేను హైదరాబాద్‌లో పదిహేడేళ్లుగా మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పనిలోనే ఉన్నాను. మొదటి ఆరేళ్లు ఒక కన్సల్టెన్సీలో, ఆ తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ హెచ్‌ఆర్‌లో. నాలుగేళ్ల కిందట ఒక సోమవారం ఉదయం కింద సెక్యూరిటీ నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, ఈరోజు జాయినింగ్ అని ఒకబ్బాయి వచ్చాడు, లిస్టులో పేరు లేదు" అని. దిగి వెళ్లాను. అబ్బాయి, వాళ్ల నాన్న. రాత్రి బస్సుకి వచ్చి, బస్టాండులోనే మొహాలు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా మార్చుకుని వచ్చారు. పెద్దాయన చేతిలో క్యారియర్, కాళ్ల దగ్గర ఒక బియ్యం సంచీ. కొడుకు రూములో వండుకుంటాడని తెచ్చాడు.

అబ్బాయి ప్లాస్టిక్ ఫోల్డర్‌లోంచి ఆఫర్ లెటర్ తీసి ఇచ్చాడు. మా కంపెనీ లోగో, మా అడ్రసు, కింద నా పేరు, నా హోదా, ఒక సంతకం. పేరు నాదే, లింక్డిన్‌లో చూసి తీసుకుని ఉంటారు. సంతకం మాత్రం నాది కాదు. అబ్బాయి నా మెడలో ఉన్న కార్డు చదివి, "మేడమ్, మీరేనా!" అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మొహానికి ఆ నిజం నేనే చెప్పాల్సి వచ్చింది. మూడు విడతల్లో 28,000 కట్టారు. "మాక్కూడా అనుమానం వచ్చిందమ్మా, మొదటి జీతంలో పట్టుకోండి అని అడిగాను, సిస్టమ్ ఒప్పుకోదన్నారు" అన్నాడు పెద్దాయన. కాసేపాగి, "అయితే ఇక్కడ ఖాళీలే లేవా అమ్మా?" అని అడిగాడు. ఆ లెటర్ జిరాక్స్ ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. మీరు పెట్టిన మీ ఆఫర్ లెటర్ ఫొటోను దాని పక్కన పెట్టి చూశాను. మాటలు దాదాపు అవే.

ఇలాంటి లెటర్ చూసి మోసపోవడానికి తెలివి తక్కువై ఉండక్కర్లేదు. నిజం ఉద్యోగం కంపెనీ లోపల ఎలా తయారవుతుందో బయట ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పరు, తేడా పట్టలేకపోవడానికి అదే కారణం. కాబట్టి లోపలి సంగతి చెబుతాను.

మా దగ్గర ఒక ఉద్యోగం ఖాళీ అయితే ముందు ఆ టీమ్ మేనేజరు మనిషి కావాలని రాతపూర్వకంగా అడగాలి. ఫైనాన్స్ వాళ్లు బడ్జెట్ ఒప్పుకోవాలి. అప్పుడు దానికొక నంబరు పడుతుంది, దాన్నే జాబ్ ఐడీ అంటాం. ఆ తర్వాతే ప్రకటన. వందల్లో రెజ్యూమెలు వస్తాయి, అందులో ఎక్కువ భాగం మేం పక్కన పెడతాం. ఫ్రెషర్ అయితే ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత టెక్నికల్ ఇంటర్వ్యూ, తర్వాత మేనేజరు, చివర్లో హెచ్‌ఆర్. వీటిలో ఏ ఒక్కరు వద్దన్నా అక్కడితో ఆగిపోతుంది. అందరూ సరే అన్నాక కూడా ఆఫర్ లెటర్ బయటకి వెళ్లడానికి నాలుగైదు రోజులు పడుతుంది, ఒక్కోసారి నెల పడుతుంది. మీకు చిరాకు తెప్పించే ఆ ఆలస్యమంతా నిజమైన కంపెనీ లక్షణం. ఎందుకంటే ఆ జీతం మేమే కట్టాలి, తప్పు మనిషిని తీసుకుంటే నష్టం మాదే, అందుకే అడుగడుగునా వద్దనడానికి ఒకరు కూర్చుని ఉంటారు. మీకొచ్చిన ఆఫర్‌లో వద్దనే మనిషి ఒక్కరూ లేరు. పోయేది వాళ్ల డబ్బు కాదు కాబట్టే సోమవారం ఫోన్, మంగళవారం లెటర్.

డబ్బు సంగతి కూడా అంతే. కన్సల్టెన్సీలో ఉన్నప్పుడు మేం ఒక మనిషిని చేర్పిస్తే కంపెనీ మాకు అతని ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత ఇచ్చేది. మా లైన్‌లో చాలాకాలంగా నడుస్తున్న లెక్క అది. అతను మూడు నెలల్లోపు మానేస్తే ఆ డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా ఇంకొకరిని ఉచితంగా వెతికి పెట్టాలి. అంటే మంచి కన్సల్టెన్సీకి మీరు సరుకు, కొనేవాడు కంపెనీ. ఈ మాట వినడానికి బాగుండదు, కానీ మీకు రక్షణ అదే. రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు, ఇంటర్వ్యూ స్లాట్ ఫీజు అని అభ్యర్థిని అడిగే చోట మీరే కొనేవాళ్లు. ఇక ల్యాప్‌టాప్ కంపెనీ ఆస్తి. చేరిన రోజున దాని సీరియల్ నంబరు రాసి సంతకం పెట్టించుకుంటాం, మానేసేటప్పుడు వెనక్కి తీసుకుంటాం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే ఏజెన్సీకి బిల్లు కట్టేదీ మేమే.

ఇప్పుడు మీ లెటర్. మెయిల్ వచ్చిన అడ్రసు చూడండి. కంపెనీ పేరు ఉంది, దాని తర్వాత ఒక హైఫన్, ఆ తర్వాత ఇండియా కెరీర్స్ అని తగిలించారు. ఆ కంపెనీ వెబ్‌సైట్ పేరు అది కాదు. అలాంటి పేరు ఎవరైనా వెయ్యి రూపాయల లోపే కొనుక్కోవచ్చు. ఎట్ గుర్తు తర్వాత ఉన్నది అక్షరం పొల్లు పోకుండా కంపెనీ వెబ్‌సైట్ పేరుతో సరిపోవాలి.

జీతం ఒక్క లైన్‌లో వేశారు, ఏడాదికి 6,50,000 అని. మేం ఇచ్చే లెటర్‌కి వెనక ఒక పేజీ ఉంటుంది. బేసిక్ ఎంత, ఇంటద్దె అలవెన్స్ ఎంత, పీఎఫ్‌లో కంపెనీ వాటా ఎంత, గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, చివరికి చేతికి వచ్చేది ఎంత అని విడివిడిగా వేస్తాం. ఆ పేజీ తయారు చేయడానికి జీతాల లెక్క తెలిసిన మనిషి కావాలి, దొంగలు ఎక్కువగా అక్కడే దొరికిపోతారు.

లెటర్ అడుగున చిన్న అక్షరాల్లో సీఐఎన్ అని ఒక పొడుగాటి నంబరు ఉంది. ఇది ప్రతి రిజిస్టర్డ్ కంపెనీకీ ఉండే 21 అక్షరాల గుర్తింపు. దాన్ని చదవడం నేర్చుకోండి, రెండు నిమిషాల పని. మొదటి అక్షరం ఎల్ అయితే స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ, యు అయితే కాదు. తర్వాత ఐదు అంకెలు వ్యాపారం రకం, ఆ తర్వాత రెండు అక్షరాలు రాష్ట్రం, ఆ తర్వాత నాలుగు అంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరం. "ఇరవై ఏళ్ల అనుభవం" అని గొప్పగా రాసుకున్న కంపెనీ నంబరులో 2024 కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న మీకు దొరికినట్టే. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు కనిపిస్తాయి. మీ లెటర్‌లో నంబరు నిజమే, అసలు కంపెనీది ఎత్తి పెట్టారు. కాబట్టి నంబరు సరిపోయిందని లెటర్ నిజమైపోదు. సరిపోకపోతే మాత్రం ఖాయంగా అబద్ధం.

ఇంకొకటి మీరు గమనించి ఉండరు, మీ జాయినింగ్ తేదీ ఆదివారం పడింది.

డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ కూడా పెట్టారు మీరు. దాన్ని యాప్‌లో కొట్టి, ఎవరి పేరు వస్తుందో చూసి, అక్కడే ఆపేయండి. కంపెనీ పేరు రాదు, ఎవరో ఒక వ్యక్తి పేరు వస్తుంది. పాపం ఆ వ్యక్తి కూడా "మీ బ్యాంకు అకౌంట్ వాడుకోనివ్వండి, కమీషన్ ఇస్తాం" అనే ఇంకో ఉద్యోగానికి ఒప్పుకున్న నిరుద్యోగి అయి ఉండొచ్చు. అలాంటి ఆఫర్ మీకు ఎప్పుడొచ్చినా ఒప్పుకోకండి. మోసపు సొమ్ము మీ అకౌంట్ గుండా పోతే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే, అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది, కేసులో మీ పేరు ఉంటుంది.

సరిచూసుకోవాలంటే లెటర్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేయొద్దు, అది వాళ్లదే. కంపెనీ అసలు వెబ్‌సైట్‌ని మీరే టైప్ చేసి తెరవండి. కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం, ఆ జాబ్ ఐడీ ఉన్నాయేమో చూడండి. అక్కడున్న మెయిల్‌కి లెటర్ కాపీ పంపి ఇది మీదేనా అని అడగండి. మాకు అలాంటి మెయిళ్లు వారానికి కొన్ని వస్తాయి. అడిగినందుకు ఏ హెచ్‌ఆరూ తప్పుగా అనుకోరు. నిజం ఆఫర్ అయితే అడిగినందుకు రద్దు కాదు.

డబ్బు కట్టే ప్రతి చోటా మోసమే అని కూడా అనుకోకండి, అలా అనుకుంటే మంచి అవకాశాలు పోతాయి. ప్రభుత్వ ఉద్యోగ పరీక్షకి ఫీజు ఉంటుంది, అది ఆ కమిషన్ లేదా బోర్డు సొంత వెబ్‌సైట్‌లోనే కట్టాలి. పాస్‌పోర్టుకి, పోలీస్ క్లియరెన్స్‌కి ప్రభుత్వానికి కడతారు. అమీర్‌పేటలో కోర్సుకి ఫీజు తీసుకుని కోర్సు చెప్పే ఇన్‌స్టిట్యూట్ తప్పేమీ చేయట్లేదు. కోర్సు ఫీజు అని తీసుకుని ఉద్యోగం గ్యారంటీ అంటే మాత్రం లేచి వచ్చేయండి.

అక్కడినుంచే బ్యాక్‌డోర్ మాట, అంటే డబ్బు కట్టి దొడ్డిదారిన ఉద్యోగంలో చేరడం అనే మాట వస్తుంది. మీ వయసు పిల్లలు ఆఫర్ లెటర్ డిపాజిట్ల కంటే ఎంతో ఎక్కువ పోగొట్టుకునేది ఇందులోనే, లక్ష, రెండు లక్షలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగ్‌లో ఒక ఫ్లోర్ అద్దెకి తీసుకుంటారు. మీకు ఐడీ కార్డు, సీటు, సిస్టమ్ అన్నీ ఇస్తారు. రెండు మూడు నెలలు ట్రైనింగ్ పేరుతో కూర్చోబెట్టి, మీరు కట్టిన లక్షల్లోంచే నెలకి పదో పదిహేనో వేలు జీతమని వేస్తారు. జీతం పడింది కాబట్టి మీరు ఊళ్లో ఇంకో నలుగురు స్నేహితులకి చెబుతారు, వాళ్లూ కడతారు. ఒక ఉదయం వెళ్లేసరికి తాళం ఉంటుంది. హైదరాబాద్‌లో ఇలా బోర్డు తిప్పేసిన కంపెనీల కేసులు పేపర్లో వస్తూనే ఉంటాయి.

దాన్ని ముందే పట్టుకునే మార్గం పీఎఫ్. నిజం ఉద్యోగమైతే మీకు యూఏఎన్ అనే పీఎఫ్ గుర్తింపు నంబరు వస్తుంది, ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే నెలనెలా జమ కనిపిస్తుంది. ఇరవైమంది కంటే ఎక్కువ పనిచేస్తున్న ఆఫీసులో రెండు నెలలైనా పీఎఫ్ ఊసు లేకపోతే ఆ ఆఫీసు గురించి కంగారు పడాల్సిందే. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొనుక్కోవడం గురించి కూడా చెబుతున్నాను, ఎందుకంటే దాన్ని చాలామంది మోసం అనుకోరు. మేం వెరిఫికేషన్‌లో యూఏఎన్ సర్వీస్ హిస్టరీ చూస్తాం. మూడేళ్ల అనుభవం రాసి, అక్కడ ఖాళీగా ఉంటే ఆరోజే తీసేస్తాం. అలా తీసేసిన పిల్లల్లో నిజంగా పని వచ్చినవాళ్లూ ఉన్నారు, అందుకే బాధ.

ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్ల గురించి ఒక్క ఉదాహరణ చాలు. 2022లో తమిళనాడుకి చెందిన 28 మంది రైల్వే ఉద్యోగమని నమ్మి మొత్తం 2.67 కోట్లు కట్టారు. వాళ్లని న్యూఢిల్లీ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి, రోజుకి ఎనిమిది గంటలు, వచ్చే పోయే రైళ్లనీ, బోగీలనీ లెక్కపెట్టించారు. అదే ట్రైనింగ్ అన్నారు. దాదాపు నెల రోజులు లెక్కపెట్టారు. మన దగ్గర సెక్రటేరియట్, సింగరేణి, ఆర్టీసీ, టీటీడీ పేర్లతో ఇదే వ్యాపారం నడుస్తుంది. నోటిఫికేషన్ లేకుండా, పరీక్ష లేకుండా, "పైన మనవాడున్నాడు" అనే మాట మీద ఇచ్చే ఆర్డర్ కాపీకి కాగితం విలువ కూడా లేదు.

టెలిగ్రామ్‌లో రివ్యూలు రాయండి, వీడియోలకి లైక్ కొట్టండి అనే పార్ట్‌టైమ్ పనుల్లో మొదట నూట యాభయ్యో రెండొందలో నిజంగానే వేస్తారు. తర్వాత ప్రీపెయిడ్ టాస్క్ అని మీ చేత వేయిస్తారు, వెనక్కి తీసుకోవాలంటే ఇంకొంత వేయమంటారు. ఈ రకం వెబ్‌సైట్లని కేంద్ర హోంశాఖ 2023 డిసెంబరులో వందకి పైగా బ్లాక్ చేయించింది, అయినా కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

ఇంట్లో ఉండే ఆడపిల్లలకి, గృహిణులకి ఎక్కువగా వచ్చేది ఇంకోటి ఉంది, ఫారాలు నింపే డేటా ఎంట్రీ పని. మొదట డబ్బేమీ అడగరు, ఆన్‌లైన్‌లో అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుంటారు. ఐదారు రోజులు కళ్లు పోయేలా టైప్ చేశాక "మీ యాక్యురసీ తక్కువుంది, అగ్రిమెంట్ ప్రకారం పెనాల్టీ కట్టాలి" అంటారు. తర్వాత లాయర్ అని ఒకడు ఫోన్ చేస్తాడు, వాట్సాప్‌లో కోర్టు నోటీసు లాంటిది పంపుతాడు, ఇంటికి పోలీసులొస్తారంటాడు. మా బంధువుల అమ్మాయి ఒకతె భర్తకి చెప్పలేక రెండు రోజులు అన్నం తినలేదు. ఈ సంగతి తెలిసినవాళ్లకి చెప్పండి: మోసంతో చేయించుకున్న ఒప్పందాన్ని మనం కాదనవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లోనే ఉంది. టైపింగ్‌లో తప్పులు పోయాయని ఎవరినీ అరెస్టు చేయరు. కోర్టు నోటీసులు అలా వాట్సాప్‌లో బెదిరించి డబ్బు అడగవు. ఆ నంబర్లు బ్లాక్ చేసి, ఫిర్యాదు చేసి, ఊరుకోవడమే.

మీ విషయంలో ఈ రాత్రి చేయాల్సింది చెబుతాను. చాట్ డిలీట్ చేయకండి. లెటర్, మెయిల్, ఫోన్ నంబర్లు, యూపీఐ ఐడీ అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాత బ్లాక్ చేయండి. వాళ్లు ఏదైనా ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమంటే, మీ ఫోన్‌ని దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్ పెట్టమంటే చేయొద్దు, ఇప్పటికే చేసుంటే తీసేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోకపోయినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చక్షు అనే విభాగం ఉంది, అక్కడ ఆ ఫోన్ నంబర్ల మీద కూడా రిపోర్టు చేయవచ్చు.

ఆధార్, పాన్ కాపీలు వెళ్లిపోయాయి కాబట్టి ఇంకో మూడు పనులున్నాయి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. సంచార్ సాథీలోనే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది, మీవి కానివి ఉంటే అక్కడే చెప్పండి. రెండు నెలలు ఆగి, మీ పేరు మీద ఉన్న లోన్లు చూపే సిబిల్ రిపోర్టు తీయండి, ఏడాదికి ఒకసారి ఉచితం. మీకు తెలియకుండా మీ పాన్ మీద ఎవరైనా లోన్ తీసుకుంటే అందులో కనబడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ, ఎంత పెద్ద కంపెనీ అన్నా, చేతికిచ్చి రాకండి. చూపించండి, వెనక్కి తెచ్చుకోండి.

ఇది చదివేవాళ్లలో ఇప్పటికే కట్టేసినవాళ్లు ఉంటే, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ట్రాన్సాక్షన్ నంబరు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకోదానికి దూకేలోపు పట్టుకుంటేనే బ్యాంకు ఆపగలుగుతుంది, అందుకే గంటలు కూడా లెక్కే. రేపు తెల్లారాక నాన్నకి చెప్పి చేద్దాం అని ఆగొద్దు. తర్వాత కొన్నాళ్లకి "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కొంచెం ఫీజు" అని ఫోన్ వస్తుంది, అది కూడా ఆ ముఠానే అనుకోండి.

మీ నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించండి. "నేను ముందే చూసి ఆపాను" అని చెప్పండి. పిల్లలు చేతకానివాళ్లయి మోసపోతున్నారని పెద్దవాళ్లు అనుకుంటారు, ఆ మాట పడలేక పిల్లలు దాస్తారు, దాచే కొద్దీ రెండో విడత, మూడో విడత కడుతూ పోతారు. ఆ రోజు మా రిసెప్షన్‌లో ఆ పెద్దాయన కొడుకుని ఒక్క మాట అనలేదు. క్యారియర్ విప్పి, ముందు తిను అన్నాడు. ఆ అబ్బాయి మళ్లీ మామూలుగా పరీక్షలు రాసి, ఏడాది తర్వాత ఇంకో కంపెనీలో చేరాడు. చేరే ముందు లెటర్ నాకు పంపి, చూడమని అడిగాడు.

ఇప్పుడు మీ అన్న సంగతి. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, టూరిస్టుగా వెళ్లడం, అక్కడికి వెళ్లాక వీసా మార్చుకోవడం. ఈ మూడు మాటలు కలిపి విన్న క్షణం నాకు భయం వేసింది. బ్యాంకాక్‌లో దిగాక కారు ఎక్కించి పశ్చిమాన మే సోట్ అనే సరిహద్దు ఊరికి తీసుకెళతారు. అక్కడ మోయి నది దాటిస్తే అవతల మయన్మార్‌లోని మ్యావడీ. ఆ ఒడ్డున ముళ్లకంచెల మధ్య, తుపాకుల కాపలాలో, మోసాలు చేయించే కేంద్రాలున్నాయి. పాస్‌పోర్టు లాక్కుంటారు. పొద్దస్తమానం మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేసి మోసం చేయాలి, టార్గెట్ చేరకపోతే కొడతారు, వెళ్లిపోతానంటే లక్షలు కట్టమంటారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో భారత ప్రభుత్వం అలాంటి చోట్ల నుంచి బయటపడ్డవాళ్లని మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చింది, ఒక రోజు 283 మంది, మర్నాడు 266 మంది. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అంతకు ముందు 2024 మేలో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని కంబోడియాకి పంపిన ఏజెంట్లని విశాఖ పోలీసులు పట్టుకున్నారు. అక్కడ కూడా ఇదే పని చేయించారు. మీకు సోమవారం వచ్చిన ఫోన్ వెనక కూడా అలాంటి గదిలో ఇరుక్కున్న మన పిల్లే ఉండొచ్చు.

థాయ్‌లాండ్‌లో నిజంగా ఉద్యోగమైతే బయల్దేరే ముందే దానికి తగిన వీసా ఉంటుంది, ఆ తర్వాత వర్క్ పర్మిట్. టూరిస్టుగా వెళ్లి పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. పంపే ఏజెంటుకి 1983 నాటి వలస చట్టం కింద విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. రిజిస్టర్డ్ ఏజెంటు అయినా సర్వీస్ ఛార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ఊళ్లో తెలిసినవాడు, మన కులపోడు, గల్ఫ్‌కి పదిమందిని పంపినవాడు, ఇవేవీ రిజిస్ట్రేషన్‌కి బదులు కావు. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టుకి మామూలుగా వలస అనుమతి అక్కర్లేదు కాబట్టి, చదువుకున్న కుర్రాడు టూరిస్టునని చెప్పి విమానం ఎక్కేస్తుంటే ఇక్కడ ఆపి అడిగేవాళ్లు దాదాపు ఉండరు. ఇంట్లోవాళ్లే అడగాలి.

విదేశం వెళ్లాలనే కోరిక తప్పు కాదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకి పంపడానికి ప్రభుత్వం నడిపే సంస్థలే, వాటి ద్వారా వెళ్లొచ్చు. అనుమానం తీర్చుకోవడానికి విదేశాంగ శాఖ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090 ఉంది.

టికెట్ ఏ తేదీకో మీరు రాయలేదు. మీ డిపాజిట్‌కి గడువు రేపు ఐదు, అది దాటినా మీకు పోయేదేమీ లేదు. అతని టికెట్ ఈ వారానిదే కావొచ్చు. ఇది చదవడం అయిపోగానే అతనికి ఫోన్ చేయండి. వీసా కాగితం, కాంట్రాక్టు, ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు, ఈ మూడూ ఫొటో తీసి పంపమనండి. లేవంటే మీ పెదనాన్నగారిని లైన్లోకి తీసుకోండి. ఆ ఫొటోలు వస్తే ఇక్కడ పెట్టండి, పేర్లు, నంబర్లు కనపడకుండా చెరిపి. ఎంత రాత్రయినా చూస్తాను.